వెనక ఊపిరి

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో మా నాయన టైంకీపరు.
ఆయన ఒత్తిగిలి పడుకున్నాక
చేతివాచీ మెల్లగా ఊడదీసుకుని
తెల్లారకముందే సైకిలెక్కి స్టేషన్ రోడ్డుకు పోయేవాణ్ణి.
కాశింపీరా అప్పటికే అక్కడ ఒంటికాలి మీద నిలబడి
అరికాల్లో ముల్లు తీసుకుంటూ ఉండేవాడు.

బూట్లు లేవు. జేబులో బెల్లంముక్క.
మీటరుగేజీ బండి తర్లుపాడు వైపు కూత పెట్టగానే
పట్టాల పక్క కాలిబాటన
ఆ పొగ వెంట పడేవాడు.

వాళ్ల నాయన దూదేకేవాడు.
విల్లు మోగితే ఇల్లంతా తెల్లటి నుసి.
"టంయ్‌కి ఒక అడుగు, టంయ్‌కి ఒక ఊపిరి.
నాకు పరుగు నేర్పింది ఆ నారే" అనేవాడు.

విరిగిన పలకముక్కల మీద వాడి టైములు రాసేవాణ్ణి,
బలపంతో కాదు, మేకుతో.
పది కిలోమీటర్లు: ముప్పై ఏడు నిమిషాల పన్నెండు సెకన్లు.
మళ్లీ వేసవికి ముప్పై ఆరు నలభై.
పెరటి గోడకు ఆనించిన ఆ ముక్కల నీడన
మా కోళ్లు పడుకునేవి.

వాడికి తెలిసిన శాస్త్రం ఒకటే:
"వెనకోడి ఊపిరి ఇనపడగూడదబ్బయా.
ఇనపడిందంటే ఇంకా గెలవనట్టే."
కంభం తిరనాళ్లలో గెలిచిన ఇత్తడి బిందెలో
వాళ్లమ్మ నీళ్లు పొయ్యలేదు,
పెసలు పోసి మూతపెట్టింది.

గుంటూరులో మిలిటరీ సెలక్షన్లు.
మైలు పరుగు, ఒళ్లు వేడెక్కేలోపే అయిపోయిందట.
"ఇంకా ఎంతుంది సార్?" అనడిగితే
సుబేదారు నవ్వి పేరు రాసుకున్నాడు.

తొంభై తొమ్మిది జూన్.
ఇక్కడ పలక గనుల్లో వడగాడ్పు.
కార్గిల్ నుంచి ఉత్తరం, నాలుగే వరుసలు:
"మంచు మా నాయిన ఏకిన దూది మాదిరే ఉంది.
గాలి మాత్రం లేదు.
నాలుగడుగులేస్తే ఆగాల.
నీ వాచీకి ఈడ పనిలేదు."

ఆ రాత్రి సంగతి నాకొక్కసారే చెప్పాడు,
ఏడేళ్ల తర్వాత, కరెంటు పోయినప్పుడు.

దెబ్బతిన్న గఢ్వాల్ కుర్రాణ్ణి వీపుకు కట్టుకుని
కొండ దిగాడు.
"యాభై ఎనిమిది కిలోలు ఉంటాడు, తుపాకీ కాక."
ఆ కుర్రాడి గడ్డం కాశిం భుజం మీద.
ఊపిరి చెవిలోకే,
వెచ్చగా, తడిగా, తెగబోయే నారి మాదిరి.
"పుట్టినాక మొదటిసారి
వెనకోడి ఊపిరి ఇనపడాల, ఇనపడాల అనుకుంటా దిగినా."

ఏ మలుపో తెలీదు.
గాలి హోరెత్తింది. కాసేపటికి తగ్గింది.
తగ్గాక చెవిలో ఏమీ లేదు.

ఇంకో మూడు గంటలు దిగాడు.
ఆగి చూడలేదు,
చూస్తే తెలిసిపోతుందని.

కరెంటొచ్చింది. కళ్లు చికిలించి "రాసుకో" అన్నాడు.
"ఏంది?"
"టైము. ఏడు గంటల ఇరవై నిమిషాలు.
దూరం... రెండు కిలోమీటర్లు కూడా ఉండదు."
మేకు వెతికాను.
సున్నా దగ్గర పలక పెచ్చు లేచింది.

ఇప్పుడు బ్యాంకులో గార్డు. యాభై దాటాయి.
పొద్దున్నే, సైన్యంలో చేరాలని తర్లుపాడు రోడ్డున
పరిగెత్తే పిల్లలతో పోతాడు.
ముందుండి విజిలెయ్యడు.
అందరికంటే వెనక, ఆఖరి బొద్దు కుర్రాడికీ వెనక,
ఆ రొప్పు వినపడేంత దగ్గరలో.

కుర్రాడు ఆగితే తనూ ఆగుతాడు.
"సార్, మీరు పొండి."
"నువ్వు పో.
నా వెనక ఎవరూ ఉండగూడదు."

నేను సైకిల్ దిగి నిలబడతాను.
చేతికి మా నాయన వాచీ ఉంటుంది.
చూసుకోను.